ఘాట్ రోడ్డు డ్రైవరు చేతిలో సూపు మిషను: ఏడాది వాడాక

పోయిన పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) నోట్లో మిగిలిన పళ్లన్నీ పీకించేసుకున్నాను. పైన ఆరు, కింద తొమ్మిది. చిగుళ్లు మానేదానికి రెండు మూడు నెలలు పడుతుందని, ఆ తర్వాతే కట్టుడు పళ్లకు కొలత తీస్తానని డాక్టరమ్మ చెప్పింది. అంతవరకు మెత్తటివి తినమంది. 31 ఏళ్లు తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపినవాణ్ణి. దిగే దారిలో ఉన్న 36 మలుపులూ కళ్లు మూసుకుని చెప్పగలను గానీ, మా వంటింట్లో పోపుల డబ్బా ఏ అరలో ఉంటుందో అప్పటికి నాకు తెలీదు.

మా ఇంటామె మొదట ఒకటే మాట అంది. "సంగటి మింగేదే గదా, దానికి పళ్లెందుకు?" నిజమే. చిత్తూరు జిల్లావాడికి పళ్లు లేకపోతే ఆకలితో చచ్చేదేమీ ఉండదు, రాగిసంగటి ముద్ద పులుసులో ముంచి మింగడమే. కానీ పొద్దున సంగటి, మధ్యాహ్నం సంగటి, రాత్రి చారన్నం అంటే వారానికే కడుపు బరువెక్కి కూర్చుంది. కూరగాయ అన్నదే లోపలికి పోవడం లేదు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి ఫోన్‌లో ఈ సంగతి చెప్పాను. నాలుగో రోజు ఒక అట్టపెట్టె వచ్చింది. "నాన్నా, అమ్మను సతాయించొద్దు. కూరగాయలు కోసి ఇందులో వేసి బటన్ నొక్కు, సూపు అదే చేస్తుంది" అంది. ధర 5,900 రూపాయలని బిల్లు చూశాక తెలిసింది. ముందే తెలిసుంటే వద్దనేవాణ్ణి.

కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఎందుకో చివరలో తెలుస్తుంది. పైగా ఈ రకం మిషన్లు ఏ కంపెనీవైనా లోపల దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. చూసేదానికి పెద్ద స్టీలు కూజా. అడుగున హీటరు, మూతలో మోటారు, మూతకు కింద పొడుగు కడ్డీ, దాని చివర బ్లేడు. నీళ్లు కాగబెట్టే కెటిల్‌నూ మిక్సీనీ కలిపి ఒకే దాంట్లో బిగించారనుకోండి. నాది 1.6 లీటర్లది, 1000 వాట్లు. బటన్లు మూడు. స్మూత్ అంటే 21 నిమిషాలు ఉడికించి మెత్తగా చేస్తుంది. చంకీ అంటే 28 నిమిషాలు, ముక్కలు ముక్కలుగానే ఉంచుతుంది. బ్లెండ్ అంటే వేడి చెయ్యకుండా తిప్పుతుంది, అంతే. కరెంటు గురించి భయపడొద్దు. 21 నిమిషాలూ హీటరు ఆగకుండా పనిచేసినా మూడోవంతు యూనిట్ కంటే కొంచెమే ఎక్కువ, నిజానికి మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి అంత కూడా కాదు.

లోపల రెండు గీతలుంటాయి. కింది గీతకు తక్కువైతే మిషను కదలదు. పై గీత దాటితే పొంగి మూతలోంచి కారుతుంది. మా బస్సులు నయం, సీట్లు నిండకపోయినా కదిలేవి, నిండాక ఇంకో ఇరవైమంది ఎక్కినా కదిలేవి. దీనికి అట్లా కుదరదు. ఇద్దరికి మాత్రమే చేసుకుందామంటే కింది గీత దాకా పోసినా నలుగురికి సరిపడా సూపు తేలుతుంది. ఇద్దరే ఉండే ఇల్లయితే ఈ సంగతి ముందే తెలుసుకోండి. మిగిలింది రాత్రికి ఫ్రిజ్‌లో పెడతాం, లేదంటే కింద పోర్షన్‌లో అద్దెకున్న పిల్లలకు ఇస్తాం.

మొదటి సూపు గుమ్మడికాయతో చేశాను. మిషనుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టే 400 గ్రాముల తీపి గుమ్మడి, ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయ), రెండు తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు, 700 మిల్లీలీటర్ల నీళ్లు, ఉప్పు, మిరియాల పొడి. 21 నిమిషాలకు పిల్లిలాగా కూసింది. మూత తీసి చూస్తే రంగు బ్రహ్మాండం, మెత్తదనం బ్రహ్మాండం. నోట్లో పెట్టుకుంటే పచ్చి ఎర్రగడ్డ వాసన. మా ఆమె ఒక చెంచా తాగి ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టింది. అదే పెద్ద రివ్యూ.

తప్పు మిషనుది కాదని తర్వాత అర్థమైంది. ఎర్రగడ్డ నీళ్లలో ఉడికితే పచ్చివాసన పోదు, నూనెలోనో నెయ్యిలోనో వేగాలి. నా మిషనులో వేయించే ఏర్పాటు లేదు. కొన్నింటిలో ఉందంట, డబ్బు ఎక్కువ పెట్టగలిగితే అదే కొనండి. రెండోసారి చిన్న బాణలిలో చెంచా నెయ్యి వేసి ఎర్రగడ్డ, తెల్లగడ్డ, చిన్న అల్లం ముక్క రంగు మారేదాకా వేయించి, తర్వాత మిషనులో వేశాను. అదే గుమ్మడికాయ, అదే నీళ్లు, కానీ వేరే వంటకం. పైగా గుమ్మడి, క్యారెట్‌లలో ఉండే పసుపు పదార్థం, దాన్నే మన ఒంట్లో విటమిన్ ఏ కింద మార్చుకుంటాం, కొంచెం కొవ్వు తోడుంటేనే బాగా ఒంటబడుతుంది. కాబట్టి ఆ చెంచా నెయ్యి రుచికి మాత్రమే కాదు. పాలు పోయాలనుకుంటే చివర్లో, మూత తీశాక పోయండి. మొదట్లోనే పోస్తే అడుగంటుతుంది. అడుగంటడం గురించి ఇంకా చాలా చెప్పాలి.

ఐప్పసి, కార్తీకాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మా తిరుపతిలో అసలు వాన. మిగతా ఊళ్లలో అందరికీ జూన్, జులైలో వానలైతే మాకు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడే. 2021 నవంబరులో ఊరంతా నీళ్లలో మునిగింది ఎవరూ మర్చిపోరు. ఆ నెలల్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడినట్టుంటుంది, అప్పుడే ఈ మిషను విలువ తెలిసింది. మునక్కాయ సూపు చేద్దామని ముక్కలు కోసి నేరుగా వేశాను. అది పెద్ద తప్పు. పీచంతా బ్లేడు చుట్టూ తాడులాగా చుట్టుకుంది, మోటారు మూలిగి ఆగిపోయింది. కత్తెరతో కోసి తీయడానికి అరగంట పట్టింది. ఇప్పుడైతే కుక్కర్‌లో రెండు విజిళ్లు రానిచ్చి, ముక్కల్ని చీల్చి చెంచాతో గుజ్జు గీకి, ఆ గుజ్జునూ ఉడికిన నీళ్లనూ మాత్రమే మిషనులో పోస్తాను. ముందే ఉడికించిన పెసరబేళ్లు గుప్పెడు కలిపి, చివర్లో మిరియాలూ జీలకర్రా దంచి వేస్తే వాన సాయంత్రానికి దానికి మించింది లేదు. మిరియాలు మిషనులో వెయ్యొద్దు, అప్పటికప్పుడు దంచి పైన చల్లితేనే ఘాటు.

మునగాకు కూడా అంతే. ఈనెలు తీసి ఆకు మాత్రం, చివరి మూడు నిమిషాల్లో. మొదటినుంచీ ఉడికిస్తే ముదురు పచ్చ పోయి చింతాకు ఎండినట్టు గోధుమ రంగుకు తిరుగుతుంది.

వానల్లో ఇంకో చిక్కుంది. తుపాను అంటే కరెంటు పోతుంది. సగం ఉడికాక కరెంటు పోయి మళ్లీ వస్తే మిషను మొదటికి వస్తుంది, మళ్లీ 21 నిమిషాలు. రెండుసార్లు అట్లా అయ్యేసరికి క్యారెట్ సూపు కాస్తా పిల్లలకు పెట్టే గుజ్జయింది. గ్యాస్ పొయ్యి మీద పెట్టిన చారుకు ఈ బాధ లేదని మా ఆమె గుర్తు చేసింది. ఆమె గుర్తు చెయ్యకుండా ఉంటుందా.

పెరటాసిలో వచ్చే తిరుమల శనివారాల్లో, ధనుర్మాసంలో మా ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ గడప దాటి రావు. పొద్దున్నే రేడియోలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినబడిందంటే ఇక నెలరోజులు అంతే. ఇంటర్నెట్‌లో చూసే ప్రతి సూపూ ఎర్రగడ్డతోనే మొదలవుతుంది, మరి ఏం చెయ్యాలి? మా ఆమె చెప్పిన ఉపాయం ఇది. నెయ్యిలో జీలకర్ర, అల్లం, ఇంగువ, రెండు మిరియాలు వేయించి అదే మొదలు అనుకోవాలి. చిక్కదనానికి బూడిదగుమ్మడి, ఉడికించిన పెసరబేళ్లు. ఎర్రగడ్డ లేని లోటు నాకైతే తెలియలేదు. ఎప్పుడూ చారు పెట్టే మనిషికి ఇది కొత్త విషయమేమీ కాదు. నాకే కొత్త.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చలికాలం, అనపకాయలు. అనపకాయంటే సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయ.

సంక్రాంతి ముందు నెలరోజులు రైతు బజారులో అడుగు పెడితే చాలు, అనపకాయల వాసన ముక్కుకు తగులుతుంది. మా పక్క చెనక్కాయ (వేరుశనగ) చేలల్లో సాళ్లుగా వేస్తారు. మంచు పడేకొద్దీ కాయకు వాసన ఎక్కువ అంటారు, నా ముక్కు కూడా అదే చెబుతుంది. గింజలు ఒలిచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ల మధ్య పితికితే తోలు చేతిలో, పప్పు గిన్నెలో. అందుకే దాన్ని పితికిపప్పు అంటాం. టీవీ ముందు కూర్చుని మా ఆమె ఒక సీరియల్ అయ్యేలోపల అరకిలో పితికేస్తుంది. నాకు అదే అరకిలోకు ఒక క్రికెట్ మ్యాచ్ పడుతుంది.

పితికిపప్పు పులుసు సంగటిలోకి నా ప్రాణం. దాన్ని సూపు చేస్తే ఎట్లుంటుందోనని పప్పు, ఒక ఉర్లగడ్డ (బంగాళాదుంప), వేయించిన ఎర్రగడ్డ వేసి స్మూత్ నొక్కాను. పదకొండో నిమిషంలో మిషను కూసింది, ఎర్ర దీపం. మూత తీస్తే మాడు వాసన. పిండి పదార్థం ఉన్నదేదైనా, అంటే పప్పులు, ఉర్లగడ్డ, బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, బరువుకు అడుగుకు దిగి హీటరు పైనున్న పళ్లేనికి అతుక్కుంటుంది. బ్లేడు అడుగుదాకా రాదు, మధ్యమధ్యలో తిరుగుతుంది గానీ గరిటెతో కలిపినట్టు కాదు. అతుక్కున్న చోట వేడి లోపలే నిలిచిపోతుంది, సెన్సర్ దాన్ని కనిపెట్టి ఆపేస్తుంది. ఆపడం మంచిదే. ఘాట్‌లో బ్రేకులు కాగిపోతే బండి పక్కన పెట్టి చల్లారేదాకా ఆగినట్టే. కానీ అడుగున అతుక్కున్న నల్లటి చెక్కు తీయడం మాత్రం నరకం. మిషనును నీళ్లలో ముంచకూడదు, కింద కరెంటు ఉంటుంది. స్టీలు పీచు వాడకూడదంట. వంటసోడా వేసి నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున చెక్క గరిటెతో గీకాను.

రెండోసారి తీరు మార్చాను. పితికిపప్పు, ఉర్లగడ్డ కుక్కర్‌లో మూడు విజిళ్లు. చల్లారాక మిషనులో పోసి బ్లెండ్ బటన్ మాత్రమే. పైన నెయ్యిలో ఆవాలు, కరివేపాకు, ఎండుమిరపకాయ తాలింపు. ఆ రోజు మా ఆమె గ్లాసు కడిగి పెట్టలేదు, ఇంకా కొంచెం పొయ్యమని నా ముందుకు జరిపింది. అయితే ఇందులో మిషను చేసిందేమిటి? మిక్సీ పనే. ఇది ఒప్పుకోవాలి. పప్పులున్న సూపు ఏదైనా కుక్కరూ మిక్సీ ఉన్న ఇంట్లో ఈ మిషను లేకుండానే అవుతుంది. కాకపోతే వేడివేడిది మిక్సీ జార్‌లో పోసి తిప్పితే ఆవిరికి మూత ఎగిరిపడి గోడంతా సూపు అవుతుంది, ఇందులో ఆ భయం లేదు.

పప్పుల విషయంలో ఇంకో మాట. నానబెట్టని పప్పు చాలావరకు 21 నిమిషాల్లో మెత్తబడదు. టమోటాలో, చింతపండులో కలిపి ఉడికిస్తే ఇంకా ఉడకదు, పులుపు తగిలితే గింజ గట్టిపడుతుంది. అందుకే మన ఆడవాళ్లు పప్పు మెత్తబడ్డాకే చింతపండు పిండుతారు. రాజ్మా అయితే మరీ జాగ్రత్త, నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీద పది నిమిషాలకు తగ్గకుండా బాగా మరగనిచ్చి పూర్తిగా ఉడికించాకే మిషనులో వెయ్యాలి. సరిగ్గా ఉడకని రాజ్మా వాంతులు చేయిస్తుంది.

టమోటా సూపు గురించి అందరూ అడుగుతారు. మదనపల్లె మా పక్కదే, అంత పెద్ద టమోటా మార్కెట్ ఇంకెక్కడా చూడలేదు. ఒక్కో సంవత్సరం కోత కూలీ కూడా రాదని రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు, 2023 జులైలో అయితే కిలో 100 రూపాయలు దాటి పరుగెత్తింది. ధర ఏదైనా మిషనులో చేసిన టమోటా సూపు హోటల్ సూపులాగా ఎర్రగా రాదు. లేత నారింజ రంగులో నురగగా వస్తుంది. బ్లేడు గట్టిగా తిరిగేటప్పుడు గాలి కలిసిపోవడం వల్ల అట్లా తెల్లబడుతుంది. నేను మొదట టమోటాలు మంచివి కావేమో అనుకుని అమ్మినాయనతో గొడవ పెట్టుకున్నాను, ఆ గొడవకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. చిన్న బీట్‌రూట్ ముక్క వేస్తే రంగు నిలబడుతుంది. కాసేపు ఆగితే నురగ దిగుతుంది. తోలు, గింజలు ఇష్టం లేకపోతే జల్లెడ పట్టాల్సిందే, మిషను తోలును పొడి చేస్తుంది గానీ మాయం చెయ్యదు. పులుపుకు నాటు టమోటా, గుజ్జుకు హైబ్రిడ్. సగం సగం వేస్తే నాకు నచ్చింది.

జనవరిలో పళ్లు వచ్చాయి. మిషను మూలన పడుతుందనుకున్నాను, పడలేదు.

ఎండాకాలంలో మాత్రం పడింది కొన్నాళ్లు. కత్తిరి ఎండల్లో, బయట 40 దాటి ఉంటే, వేడి సూపు ఎవరు తాగుతారు? గంగమ్మ జాతరలో వీధివీధికీ అంబలి పోస్తుంటే దాని ముందు సూపు పేరెత్తేదానికే మొహమాటం. అయినా ఒక ప్రయత్నం చేశాను. సొరకాయ, కీర దోసకాయ, మజ్జిగ మిషనులో పోసి స్మూత్ నొక్కాను. 21 నిమిషాల తర్వాత చూస్తే మజ్జిగ విరిగి, పైన పచ్చటి నీళ్లు, కింద తెల్లటి ముద్ద. బటన్ ముందు చూసుకోవాల్సింది. తర్వాత సొరకాయ ఒక్కటే ఉడికించి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం మజ్జిగ, కీర, కొత్తిమీర, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి వేసి బ్లెండ్ కొట్టాను. చల్లగా గ్లాసులో తాగితే బాగుంది. సూపు అందామా, మజ్జిగ అందామా? మా ఆమె "సొరకాయ మజ్జిగ" అనే పేరు ఖాయం చేసింది. మే నెలంతా అదే. ఉప్పు నాకు బీపీ వల్ల తక్కువ, ఆ విషయంలో ఇంట్లో చేసుకునేది ప్యాకెట్ పొడికన్నా నయం, ఎంత వేస్తున్నామో మన కంటికి కనబడుతుంది.

ఇక ఫిర్యాదు. ఏడో నెలలో మూత కింద ఉండే రబ్బరు వాచరు సాగిపోయి ఆవిరి పక్కనుంచి కారడం మొదలైంది. వారంటీ రెండేళ్లని పెట్టె మీద ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, వాచరు వారంటీలో రాదు, తిరుపతిలో సర్వీస్ లేదు, మిషను మొత్తం చెన్నైకి కొరియర్ చెయ్యమన్నారు. ఇరవై రూపాయల రబ్బరుకు చెన్నైదాకా మిషనా! డిపోలో మాతో పనిచేసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ఆయన దగ్గరకు తీసుకెళ్తే, పాత వాచరును కొలిచి, కుక్కర్ వాచర్లు అమ్మే అంగట్లో తిండికి వాడే రబ్బరుదే వెతికి, సరిగ్గా కత్తిరించి పెట్టాడు. నాలుగు నెలలుగా చుక్క కారలేదు. ఇందుకే కంపెనీ పేరు రాయలేదు, తిట్టడం ఇష్టం లేదు. కొనేవాళ్లు మాత్రం ధర చూసే ముందు వాచరు విడిగా దొరుకుతుందా, మీ ఊళ్లో సర్వీస్ ఉందా అని అడగండి.

కొనాలా వద్దా అంటే, పళ్లు లేనివాళ్లు, గొంతు ఆపరేషన్ అయినవాళ్లు, పొయ్యి దగ్గర నిలబడలేని ముసలివాళ్లు ఇంట్లో ఉంటే కొనండి. కూరగాయలు కోసి వేసి వాకిట్లో కూర్చుని పేపరు చదువుకోవచ్చు, అడుగంటుతుందేమోనన్న టెన్షన్ ఉండదు, పప్పులు వెయ్యనంతవరకు. గుమ్మడి, క్యారెట్, బీట్‌రూట్, సొరకాయ, క్యాబేజీ లాంటివి దీని సొత్తు. కుక్కరూ మిక్సీ ఉండి, ఓపికున్న చేతులుంటే డబ్బులు దాచుకోండి. తాలింపు మాత్రం ఏ మిషనూ పెట్టదు, దానికి ఎవరో ఒకరు పొయ్యి దగ్గరకు పోవాల్సిందే. మా ఇంట్లో ఇప్పుడు అది నేనే. పోపుల డబ్బా పై నుంచి రెండో అరలో, కాఫీపొడి పక్కన ఉంటుంది.

మళ్లీ ఐప్పసి వచ్చింది. నిన్న సాయంత్రం వాన పడుతుంటే మునక్కాయ గుజ్జు గీకి పెట్టుకున్నాను. కట్టుడు పళ్లు బిగుతుగా ఉండి వేడి వేడిది తాగేటప్పుడు చిగుళ్లు మండుతాయి, అందుకని పళ్లు తీసి గ్లాసు నీళ్లలో పెట్టి, ఇంకో గ్లాసులో సూపు పోసుకుని కూర్చున్నాను. "ఏ గ్లాసు ఏదో చూసుకుని తాగండి" అని లోపల్నుంచి కేకేసింది మా ఆమె.